‘అణకువ’ అనే మాట పెద్దవారికి చెల్లుతుందా?

ప్రశ్న (చిత్తుప్రతి):
మా విభాగాధిపతి వచ్చే వారం పదవీ విరమణ చేస్తున్నారు. సభలో చదివే పత్రం రాసే పని నా మీద పడింది. ఆయన గొంతు పెంచగా మేమెవరం వినలేదు. పొగడబోతే మాట మార్చేస్తారు. అందుకే ‘అణకువకు మారుపేరు’ అని రాశాను. మా సహోద్యోగి ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ‘ఆయన ఎవరి దగ్గర అణగాలి?’ అని పక్కన రాశారు. నిఘంటువులో వినయం అనే ఉంది కదా, తప్పెక్కడ?

జవాబు (ప్రూఫులు దిద్దేవాణ్ణి):
నిఘంటువు సగమే చెప్పింది. ఎక్కు నుంచి ఎక్కువ వచ్చినట్టే అణగు నుంచి అణకువ వచ్చింది. అణచివేత, అణగారిన వర్గాలు కూడా ఆ ఇంటివే. అణగాలంటే పైన ఒకరుండాలి. శిష్యుడు గురువు దగ్గర అణకువగా ఉంటాడు. గురువే శిష్యుడి దగ్గర అణకువగా ఉన్నాడంటే చెవిలో ఏదో గుచ్చుకుంటుంది. చాలా ఏళ్లు పెళ్లి ప్రకటనలు దిద్దాను. ‘అణకువ గల వధువు’ లెక్కలేనన్ని సార్లు వచ్చింది. ‘అణకువ గల వరుడు’ ఒక్కసారీ నా బల్ల మీదికి రాలేదు.

వినయానికి ఆ చిక్కు లేదు. అది సంస్కృతంలోని ‘నీ’ ధాతువు నుంచి వచ్చింది, నడిపించడం అని ఆ ధాతువుకు అర్థం. శిక్షణ వల్ల అబ్బేది కాబట్టి ఎంతటివారికైనా చెల్లుతుంది. కాకపోతే ‘అతి వినయం ధూర్త లక్షణం’ అన్న అపవాదు కూడా దానికే అంటుకుంది, పాపం.

జవాబు (పక్క బెంచీ):
అంత కచ్చితంగా కొట్టేయకండి. ‘అంత పదవిలో ఉన్నా అణకువ తగ్గలేదు’ అంటే ఎవరికీ గుచ్చుకోదు.

జవాబు (ప్రూఫులు దిద్దేవాణ్ణి):
ఒప్పుకుంటాను. అక్కడ బరువంతా ‘ఉన్నా’ మోస్తోంది. అది తీసేసి చదవండి, మళ్లీ మొదటికే వస్తుంది.

జవాబు (తెలుగు పంతులమ్మ):
‘నిగర్వి, మితభాషి’ అని రాయండి. మితం అంటే కొలిచినది. మితభాషి అంటే నోరు విప్పనివాడని కాదు, కావలసినంతే మాట్లాడేవాడని. మన సభల్లో మాత్రం మొహమాటంతో మూలన కూర్చున్నవారికీ ఈ బిరుదు తగిలించేస్తారు. మీ విభాగాధిపతికి నిజంగానే సరిపోయేలా ఉంది. ‘ఒద్దిక’ జోలికి మాత్రం పోకండి, అది బుద్ధిగా కూర్చున్న పిల్లలకు బాగుంటుంది.

చిత్తుప్రతి:
అందరికీ ధన్యవాదాలు. ‘నిగర్వి, మితభాషి’ అని మార్చి పంపాను. సహోద్యోగి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఎర్ర సున్నా ‘మారుపేరు’ చుట్టూ ఉంది.