పాత మారుతి 800కి రిమ్ములు వెడల్పు చేయించడం, గేర్ రాడ్ పొట్టి చేయడం: సొంతదారు ఇష్టమేనా?

గుంటూరు800:
నాది 1997 మారుతి 800. కార్బురేటర్ ఇంజను, నాలుగు గేర్లు. నాన్నగారు కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. దీని మీద రెండు పనులు పెట్టుకున్నాను. మొదటిది రిమ్ముల పని. 12 అంగుళాల ఇనప రిమ్ములను లేత్ షాపులో చుట్టూ కోయించి, మధ్యలో ఇనప పట్టీ వేయించి, వెల్డింగ్‌తో రెండంగుళాలు వెడల్పు చేయించాలి. వెనక చక్రాలు బయటికి జరిగేలా, వాటి లోపలి వైపు పెట్టడానికి అల్యూమినియం పలకతో 20 మి.మీ. స్పేసర్లు కూడా చేయించాలి. రెండోది గేర్ రాడ్‌ను మూడంగుళాలు పొట్టి చేసి, పైన చేత్తో చేసిన నాబ్ బిగించడం.

నాబ్ ఇప్పటికే సిద్ధం. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే ఒకాయన అంకుడు కర్రతో చేసిచ్చారు. ఎరుపు మీద సన్నటి పసుపు గీతలు, చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు.

ఇంట్లో, ఫ్రెండ్స్‌లో సగం మంది "పాత కారుని పాడు చేస్తున్నావు" అంటున్నారు. నేను ఒప్పుకోను. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. అప్పటి నుంచి ఇలాంటి బళ్ళు రోడ్డు మీద తిరుగుతున్నాయంటే ఆటోనగర్లలో పనిచేసే చేతుల వల్లే. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టే చేతికి కొత్తగా ఏదైనా చేసే హక్కు ఎందుకు ఉండదు? కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

లేత్‌పని:
తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి, లేత్ మీదే బతుకుతున్నాను. చేతిపని మీద నీ గౌరవానికి సంతోషం. కానీ నువ్వు అన్నింటినీ ఒకే గంపలో వేశావు. నాబ్ వేరు, రిమ్ము వేరు.

రిమ్ము సంగతి చెప్తాను. నీ బండికి 145/70 టైరు, 12 అంగుళాల రిమ్ము. టైరు చుట్టుకొలత మీటరూ అరవై సెంటీమీటర్లు. 60 కి.మీ. స్పీడులో ఆ చక్రం నిమిషానికి 600 సార్లకు పైగా తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చేసరికి లక్షన్నర తిరుగుళ్ళు దాటతాయి. తిరిగిన ప్రతిసారీ బరువు పడిన చోట రిమ్ము కంటికి కనపడనంత వంగి మళ్ళీ లేస్తుంది. కంపెనీ రిమ్ము ఆ వంపుని తట్టుకునేలా చేసిందే. నువ్వు దాన్ని చుట్టూ కోసి పట్టీ వేస్తే ఒకటి కాదు, రెండు అతుకులు. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న ఇనుము గుణం మారుతుంది. పగులు మొదలయ్యేది అతుకు మీద కాదు, దాని పక్క గీతలో. పైన రంగు వేసేశాక అది ఎవరికీ కనపడదు.

ఇంకోటి, వేడికి రిమ్ము లాగేస్తుంది. లేత్ మీద ఎక్కించి డయల్ గేజ్ పెడితే ముల్లు ఎంత ఊగుతుందో నీకే తెలుస్తుంది. కాస్త వాబ్లింగ్ ఉన్నా బ్యాలెన్సింగ్ బరువులు దాన్ని కప్పలేవు. స్టీరింగ్‌లో వణుకు వస్తుంది, ట్యూబ్‌లెస్ అయితే అతుకు దగ్గర గాలి జారుతుంది. విదేశాల్లో ఈ పని జిగ్ మీద, అంటే కదలకుండా పట్టి ఉంచే చట్రం మీద పెట్టి, పూర్తి లోతు వెల్డింగ్ చేసి, తర్వాత పరీక్షించి ఇచ్చే వాళ్ళున్నారు. మన వీధి చివర ఆర్క్ వెల్డింగ్‌తో అయ్యే పని కాదిది. నా దగ్గరికి తెస్తే నేను చెయ్యను.

పాతపద్మిని:
నేనైతే నాబ్ కూడా వద్దంటాను. నా దగ్గర ప్రీమియర్ పద్మిని ఉంది, గేరు స్టీరింగ్ పక్కనే. దాన్ని కిందికి, ఫ్లోర్ షిఫ్ట్‌గా మార్చిపెడతామని ఎంతమంది అడిగారో చెప్పలేను. నేలకి కన్నం పెట్టి, రాడ్లు అతికి, మధ్యలో లివర్ నిలబెడతారు. సీటు కూడా మార్చాలి, ఎందుకంటే ముందున్నది బెంచీ సీటు. అంతా అయ్యాక అది పద్మినీ కాదు, మరొకటీ కాదు.

2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. అలాంటివాటికి నంబరు ప్లేటు మీద వీఏ అనే అక్షరాలతో వేరే వరస ఇస్తారు. ఈ రోజు సరదాకి కోసేసిన బండి రేపు ఆ తలుపు దగ్గరే ఆగిపోతుంది. పాత బండి ఉన్నవాడు దానికి కాపలాదారు కూడా. ఒకసారి కోసింది మళ్ళీ అతికినా మునుపటిలా కాదు.

గుంటూరు800:
పాతపద్మిని గారూ, మీ మాట మీద గౌరవంతోనే అంటున్నాను. నా బండికి 50 ఏళ్ళు నిండేది 2047లో. అప్పటిదాకా షెడ్డులో పెట్టి దుమ్ము దులుపుతూ కూర్చోలేను. నేను దీన్లో రోజూ ఆఫీసుకి వెళ్తాను, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తాను. ఇది నా వాడకపు బండి, వాడేవాడి చేతికి తగ్గట్టు ఉండాలి. అంబాసిడర్ సంగతే చూడండి. దశాబ్దాల పాటు గేరు స్టీరింగ్ పక్కనే ఉంచిన కంపెనీయే ఇసుజు ఇంజను పెట్టినప్పుడు గేరుని కిందికి తెచ్చింది. కంపెనీ చేస్తే అభివృద్ధి, నేను చేస్తే చెడగొట్టడమా?

లేత్‌పని అన్నా, రిమ్ము అతుకు గురించి మీరు చెప్పినది ఆలోచించాల్సిన మాట. స్పేసర్ల సంగతి కూడా చెప్పండి. అందులో అతుకు లేదు కదా, అంతా గట్టి లోహమే.

సెక్షన్52:
చట్టం ఏమంటుందో కూడా ఇక్కడ ఉండాలి, ఎందుకంటే రోడ్డు మీద అడిగేది అదే. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అది బండికి ఒక జరిమానా కాదు, మార్పు మార్పుకీ పడేది.

అయితే అదే సెక్షన్ కింద మార్పు అంటే ఏమిటో వివరణ ఉంది. బండి మౌలిక లక్షణమే మారిపోయేలా నిర్మాణంలో చేసే మార్పు అని. కర్ర నాబ్ ఆ లెక్కలోకి వస్తుందని ఎవరూ అనలేరు. చక్రాన్ని కోసి వెడల్పు చేస్తే మాత్రం నేను మీ తరఫున వాదించడానికి ఒప్పుకోను. ఇన్సూరెన్స్ కూడా ఆలోచించండి. యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ వచ్చి రిమ్ము మీద వెల్డింగ్ గీత చూస్తే క్లెయిము దగ్గరే మీ కథ మొదలవుతుంది. ఇంకో మాట. 15 ఏళ్ళు దాటిన మీ బండి ఆర్‌సీ ఐదేళ్ళకోసారి రెన్యువల్‌కి వెళ్ళాలి, అక్కడ బండిని చూస్తారు.

ఎడంకాలు:
నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది, ఎడమ కాలు పనిచెయ్యదు. నా పాత 800లో క్లచ్ చేత్తో నొక్కేలా లివర్ చేయించుకున్నాను. చేసింది పెద్ద కంపెనీ కాదు, ఒక మెకానిక్, ఒక లేత్ మేస్త్రీ. అందుకే "పాత బండిని ముట్టుకోవద్దు" అనే మాట వింటే నాకు బాధేస్తుంది. ఆ మాట అందరూ పాటించి ఉంటే నేను ఈ రోజుకీ ఎవరో ఒకరు తీసుకెళ్తారని గుమ్మంలో కూర్చునేవాణ్ణి.

మొదట ఒక దుకాణంలో చేయించినప్పుడు లివర్‌ని పెడల్‌కి వెల్డింగ్ చుక్క పెట్టి వదిలేశారు. ట్రాఫిక్‌లో ఊడిపోయింది. రెండోసారి చేసిన మేస్త్రీ దాన్ని అతకలేదు. పెడల్ చుట్టూ క్లాంపు వేసి రెండు బోల్టులు, ఒక్కో బోల్టుకి రెండేసి నట్లు, కదిలే చోట పిన్ను, పిన్ను జారకుండా చివర కాటర్ పిన్ను పెట్టారు. "ఏ ఒక్కటి ఊడినా ఇంకోటి పట్టుకుంటుంది" అన్నారు. ఆ పిన్నుని ఇప్పటికీ బండి ఎక్కే ముందు వేలితో తడిమి చూసుకుంటాను. తర్వాత ఆర్టీఓ ఆఫీసులో చూపించి ఆర్‌సీలో రాయించుకున్నాను. చట్టంలోనే వికలాంగుల కోసం మార్చిన బండికి చోటుంది.

నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో చేశారా, కంపెనీలో చేశారా అని అడగకండి. అది ఊడితే ఏమవుతుంది, ఊడక ముందు ఎవరైనా చూశారా అని అడగండి.

లేత్‌పని:
ఎడంకాలు గారూ, ఆ మేస్త్రీ ఎవరో గానీ పనిమంతుడు. అతుకు వెయ్యాల్సిన చోట క్లాంపు వేశాడు.

తమ్ముడూ, స్పేసర్ సంగతి. నీ బండి స్టడ్డు, అంటే చక్రం నట్టు ఎక్కే బోల్టు, 12 మి.మీ. లావు, మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.25 మి.మీ. నట్టు కనీసం స్టడ్డు లావంత లోతు మరలోకి దిగాలి. అంటే తొమ్మిదిన్నర చుట్లు, పది అనుకో. ఇప్పుడు నట్టు చేత్తో తిప్పుతూ ఎన్ని చుట్లకి బిగుస్తుందో లెక్కపెట్టు, అందులోంచి 20 మి.మీ. పలక ఎంత తినేస్తుందో చూడు. 20 మి.మీ. అంటే 16 చుట్లు పోయినట్టే. స్టడ్డులు పొడుగువి మారిస్తే తప్ప నట్టుకి పట్టే చోటే ఉండదు. మార్చినా, చక్రం బయటికి జరిగిన కొద్దీ దాన్ని మోసే హబ్ బేరింగ్ మీద బరువు పక్కకి లాగుతుంది. కన్నాలు నాలుగూ 114.3 మి.మీ. వృత్తం మీద కచ్చితంగా పడాలి, చేతి డ్రిల్లుతో వేస్తే పడవు. చూడ్డానికి కాస్త బయటికి కనపడాలని ఇంత తలనొప్పి ఎందుకు?

గేర్ రాడ్ గురించి. పివట్, అంటే రాడ్డు కింద తిరిగే కీలు, దాన్నుంచి నాబ్ దాకా 30 సెంటీమీటర్లు అనుకో. ఏడున్నర కోసేస్తే చెయ్యి కదిలే దూరం పావు వంతు తగ్గుతుంది, కానీ పెట్టాల్సిన బలం మూడో వంతు పెరుగుతుంది. చలికాలం పొద్దున్నే ఫస్ట్ గేరుకి అది తెలుస్తుంది. గబగబా తోసే కొద్దీ లోపల గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు అరుగుతాయి. అసలు ముందు బండి కిందికి దూరి చూడు. 800లో గేర్ రాడ్ నుంచి గేర్ బాక్సుకి వెళ్ళే కడ్డీకి కీళ్ళ దగ్గర బుష్‌లు, అంటే వదులు లేకుండా పట్టే చిన్న గొట్టాలుంటాయి. 1997 బండిలో అవి అరిగిపోయి ఉంటాయి. గేరు వదులుగా, దూరంగా అనిపించడానికి చాలాసార్లు కారణం అదే. బుష్‌లు మార్చి నాలుగు రోజులు నడుపు. అప్పుడూ పొట్టిగా కావాలనిపిస్తే మాట్లాడదాం.

నీ లక్క నాబ్‌కి ఒక జాగ్రత్త. లక్క వేడికి మెత్తబడే సరుకు. మన ఎండాకాలం మధ్యాహ్నం అద్దాలు ఎత్తి ఎండలో పెడితే చేతికి అంటుకుంటుంది, వేలి ముద్ర పడుతుంది. ఎండలో పార్క్ చేసేటప్పుడు నాబ్ మీద గుడ్డ కప్పు. ఇంకా, అంకుడు మెత్తని కర్ర, కర్రలోనే మర తీస్తే నెలలో అరుగుతుంది. లోపల ఇత్తడి నట్టు దించి ఎపాక్సీతో పట్టించు. నట్టుని బయటి వైపు గరుకు చేస్తే బాగా పడుతుంది.

గుంటూరు800:
బుష్‌లు చూశాను. రెండు వేళ్ళతో కదిపితే కడ్డీ ఊగుతోంది. అవి మారుస్తాను. నాబ్‌కి ఇత్తడి నట్టు రేపే.

రిమ్ములు కోయించను, స్పేసర్లు వద్దు. కానీ చక్రం పని మానను. 13 అంగుళాల పాత మారుతి జెన్ కారు ఇనప రిమ్ములు దొరుకుతున్నాయి, వాటికీ నాలుగు కన్నాలు 114.3 మీదే. వాటిని ఇసుక కొట్టించి, నేనే రంగు వేసి, 155/65 టైర్లు వేస్తాను. గేర్ రాడ్ కూడా పొట్టి చేసి తీరుతాను, కానీ బండిలో ఉన్నది కాదు. పాత సామాన్ల షాపులో ఇంకో రాడ్డు కొని దాని మీద చేస్తాను. అసలుది అటక మీద ఉంటుంది. పాతపద్మిని గారికి దీని మీదైనా అభ్యంతరం ఉందా?

పాతపద్మిని:
ఉంది, ఉంటుంది. జెన్ రిమ్ము జెన్‌దే. కానీ అసలు రాడ్డు, అసలు రిమ్ములు దాచిపెడితే రేపు ఆ బండి ఎవరి చేతికి వచ్చినా వెనక్కి తేవచ్చు. అది చాలా పెద్ద మాట. రిమ్ములకి నూనె గుడ్డ పెట్టి, నేల తగలకుండా పేర్చండి. పాత నట్లు కూడా వాటితోనే ఒక డబ్బాలో వేసి ఉంచండి.

సెక్షన్52:
155/65 ఆర్13తో చక్రం ఎత్తు పాతదాని కంటే దాదాపు ఐదు శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 80 చూపిస్తే మీరు నిజానికి 84 దగ్గర ఉంటారు. కెమెరా ముందు అది గుర్తుంచుకోండి. టైరు సైజు మారిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, వాళ్ళ జవాబు దాచుకోండి.

లేత్‌పని:
40 హార్స్‌పవర్ దాటని బండి అది. చక్రం పెరిగితే ఎత్తులెక్కేటప్పుడు పికప్ కాస్త తగ్గుతుంది, దానికి సిద్ధంగా ఉండు. రిమ్ము పెట్టాక హబ్ మీద పూర్తిగా ఆనిందా, మధ్య కన్నం ఎక్కడైనా పట్టిందా చూడు. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి మడ్‌గార్డ్ తగులుతుందేమో చూడు. వంద కిలోమీటర్లు నడిపాక నట్లు మళ్ళీ ఒకసారి బిగించు.

రాడ్డు నిండు కడ్డీ అయితే మధ్యలో కోసి అతకొద్దు. పై నుంచి కోసెయ్యి, కోసిన చోట డైతో కొత్త మర తియ్యి. అప్పుడు అతుకే ఉండదు, నాబ్ నేరుగా దాని మీద కూర్చుంటుంది. ముందు రెండంగుళాలే కొయ్యి. చాలదనిపిస్తే ఇంకో అంగుళం తర్వాత తియ్యొచ్చు.