స్థానబలిమా, జడ్జీల పక్షపాతమా? పరాయి దేశంలో పాయింట్ల మీద గెలవడం గురించి

పదోరౌండు:
ఎదుటివాడి దేశానికి వెళ్లి రింగ్ ఎక్కే ప్రొఫెషనల్ బాక్సర్‌కి కోచ్‌లు తరచూ చెప్పే మాట ఒకటుంది: జడ్జీల దాకా రానివ్వకు, నాకౌట్ చేసి వచ్చేయ్. ఇది ఓడినవాళ్లు చెప్పుకునే సాకు అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను.

2017 జూలైలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫిలిప్పీన్స్ బాక్సర్ మ్యానీ పకియావ్, స్థానికుడు జెఫ్ హార్న్ ఫైట్ గుర్తు చేసుకోండి. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ ప్రకారం తగిలిన దెబ్బలు పకియావ్‌వి 182, హార్న్‌వి 92. తొమ్మిదో రౌండు అయ్యాక రిఫరీ స్వయంగా హార్న్ కార్నర్‌కి వెళ్లి, ఇలాగే ఉంటే ఆపేస్తానని హెచ్చరించాడు. చివరికి ముగ్గురు జడ్జీలూ హార్న్‌నే గెలిపించారు. అందులో ఒక జడ్జి స్కోరు కార్డు 117-111!

ఒక్క ఫైట్ పట్టుకుని మాట్లాడుతున్నానని అంటారేమో. 2005లో బామర్, నెవిల్, లేన్ అనే పరిశోధకులు యూరోపియన్ ఛాంపియన్‌షిప్ ఫైట్ల మీద చేసిన అధ్యయనం ఉంది. ఇద్దరు బాక్సర్లూ సమఉజ్జీలు అనుకుంటే, సొంతగడ్డ బాక్సర్ గెలిచే అవకాశం నాకౌట్లలో 57 శాతం, టెక్నికల్ నాకౌట్లలో 66, పాయింట్ల మీద తేలిన ఫైట్లలో 74. ప్రయాణ బడలిక, వాతావరణం, నిద్ర లేకపోవడం లాంటివే అసలు కారణమైతే మూడింటిలోనూ దాదాపు ఒకే అంకె రావాలి కదా? నాకౌట్‌లో కిందపడ్డవాడు లేవలేదు, అంతే. టెక్నికల్ నాకౌట్‌లో రిఫరీ అభిప్రాయం కలుస్తుంది. పాయింట్లలో అంతా అభిప్రాయమే. మనిషి నిర్ణయం పాలు పెరిగేకొద్దీ సొంతగడ్డ లాభం పెరుగుతోంది.

సౌత్‌పా:
బ్రిస్బేన్ ఉదాహరణ మీ వాదనకే అడ్డం తిరుగుతుంది బ్రదర్. ఆ ముగ్గురు జడ్జీల్లో ఆస్ట్రేలియా వాళ్లు ఒక్కరూ లేరు. ఇద్దరు అమెరికన్లు, ఒకరు అర్జెంటీనా మనిషి. గొడవయ్యాక, టైటిల్ ఇచ్చే ప్రపంచ సంస్థ డబ్ల్యూబీఓ మరో ఐదుగురు జడ్జీలతో ఫైట్‌ని మళ్లీ స్కోర్ చేయించింది. అక్కడా హార్న్‌కి ఏడు రౌండ్లు, పకియావ్‌కి ఐదు వచ్చాయి.

మొత్తం పంచ్‌ల లెక్కతో బాక్సింగ్ తేలదు. ఇక్కడున్నది పది పాయింట్ల పద్ధతి: రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9. ప్రతి రౌండూ ఒక విడి పరీక్ష. తొమ్మిదో రౌండులో పకియావ్ చితక్కొట్టినా, నాక్‌డౌన్ లేకపోతే మామూలుగా ఇచ్చేది 10-9. పక్క రౌండుని హార్న్ ఒక్క పంచ్ తేడాతో గెలిచినా అదీ 10-9. అందుకే మూడు రౌండ్లు ఉతికి, తొమ్మిది రౌండ్లు కొద్ది తేడాతో పోగొట్టుకున్నవాడు పంచ్‌ల లెక్కలో ముందుండి, కార్డు మీద ఓడిపోతాడు. 117-111 మరీ ఎక్కువే, అది నేనూ సమర్థించను.

ఇక పరాయి గడ్డ మీద గెలవలేరనే మాట. ఒలెక్సాండర్ ఉసిక్‌ని చూడండి. 2018 జనవరిలో లాత్వియాలోని రీగా వెళ్లి అక్కడి బ్రీడిస్‌ని, జూలైలో మాస్కో వెళ్లి రష్యా వాడు గాసియెవ్‌ని, 2021లో లండన్ వెళ్లి బ్రిటన్ వాడు జాషువాని ఓడించాడు. మూడూ పాయింట్ల మీదే. ఒక ఉక్రెయిన్ బాక్సర్‌కి మాస్కోలో ఒక జడ్జి పన్నెండు రౌండ్లకి పన్నెండూ ఇచ్చి 120-108 రాశాడు. అదే 2021 నవంబర్‌లో ఆస్ట్రేలియా వాడు జార్జ్ కంబోసస్ న్యూయార్క్ వచ్చి, బ్రూక్లిన్‌లో పుట్టిన టియోఫిమో లోపెజ్ దగ్గర ఛాంపియన్ బెల్టులు పట్టుకుపోయాడు. స్ప్లిట్ డెసిషనే (ఇద్దరు జడ్జీలు ఒకరికి, మూడో జడ్జి రెండోవాడికి ఇవ్వడం), కానీ గెలిచింది బయటివాడే.

పదోరౌండు:
ఉసిక్ లాంటి వాళ్లు తరానికి ఒకరు. మాస్కోలో అంత ఏకపక్షంగా ఆడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు? దగ్గరి పోటీ చూడండి. రీగాలో రెండు కార్డులు 115-113, మూడోది డ్రా. అంత గొప్పవాడికే అంత సన్నటి అంచు మిగిలింది. మామూలు మంచి బాక్సర్ సంగతేంటి?

గాజుదవడ:
జర్మనీలో నాకౌట్ చేస్తే డ్రా ఇస్తారని పాత జోకు ఒకటుండేది కదా 😀

కార్నర్‌స్టూల్:
జోకే అయినా, ఆ జర్మనీ దారిలోనే అసలు విషయం దొరుకుతుంది. జర్మనీ బాక్సర్ ఫెలిక్స్ స్టర్మ్ కెరీర్ ఒక్కటి చూస్తే చాలు.

2004 జూన్‌లో స్టర్మ్ లాస్ వేగస్ వెళ్లి అమెరికా స్టార్ ఆస్కార్ డి లా హోయాతో తలపడ్డాడు. చూసినవాళ్లలో చాలామంది స్టర్మ్ గెలిచాడనుకున్నారు. ముగ్గురు జడ్జీలూ 115-113తో డి లా హోయాకే ఇచ్చారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో డి లా హోయా, బెర్నార్డ్ హాప్కిన్స్ భారీ ఫైట్ జరిగింది. స్టర్మ్ గెలిచి ఉంటే ఆ ఫైట్ విలువ ఏమయ్యేదో ఊహించుకోండి. ఏడేళ్ల తర్వాత, 2011లో, అదే స్టర్మ్ కొలోన్‌లో బ్రిటన్ బాక్సర్ మాథ్యూ మాక్లిన్ మీద స్ప్లిట్ డెసిషన్‌తో టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఈసారి అన్యాయమని అరిచింది మాక్లిన్ వైపువాళ్లు. వేగస్‌లో స్టర్మ్‌కి జరిగిందే కొలోన్‌లో స్టర్మ్‌కి కలిసొచ్చింది.

కాబట్టి పాస్‌పోర్ట్ వెంట పడకండి. 1999 మార్చిలో న్యూయార్క్‌లో బ్రిటన్ వాడు లెనాక్స్ లూయిస్, అమెరికన్ హోలీఫీల్డ్ ఫైట్ డ్రా అయింది, ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. అమెరికన్ జడ్జి హోలీఫీల్డ్‌కి 115-113 ఇచ్చింది నిజమే. దక్షిణాఫ్రికా జడ్జి 116-113 లూయిస్‌కి ఇచ్చాడు. మరి 115-115 రాసింది ఎవరు? బ్రిటన్ జడ్జి! సొంత దేశం వాడికే అతను ఓటు వేయలేదు. 1993లో శాన్ ఆంటోనియోలో అమెరికన్ పెర్నెల్ విటేకర్ తన సొంత దేశంలోనే మెక్సికో వాడు చావెజ్‌తో డ్రా మూటగట్టుకున్నాడు. 115-115 రాసిన ఇద్దరిలో ఒకరు ఇంగ్లండ్, ఒకరు స్విట్జర్లాండ్. స్టేడియం మాత్రం చావెజ్ అభిమానులతో నిండిపోయింది. ఆ రాత్రి అమెరికన్‌కి అమెరికా పరాయి గడ్డ.

2017లో కనెలో, గొలోవ్‌కిన్ మొదటి ఫైట్‌లో 118-110 అని కనెలోకి రాసిన కార్డు సంగతీ అంతే. ఒకడు మెక్సికో, ఇంకొకడు కజకిస్తాన్, ఫైట్ వేగస్‌లో. కాగితం మీద ఇద్దరూ బయటివాళ్లే. కానీ టిక్కెట్లు ఎవరి పేరు మీద అమ్ముడయ్యాయి? సొంతగడ్డ అంటే డబ్బు ఎవరి వల్ల వస్తోందో ఆ గడ్డ.

సౌత్‌పా:
అంటే జడ్జీలు డబ్బు తింటున్నారంటారా? పెద్ద ఆరోపణ అండీ అది.

కార్నర్‌స్టూల్:
లేదు, నేనా మాట అనలేదు. లంచం అక్కర్లేకుండానే ఇది జరుగుతుంది. జడ్జీలు రింగ్‌కి మూడు వైపులా కూర్చుంటారు. బాక్సర్ వీపు అడ్డొస్తే పంచ్ తగిలిందో, గ్లవ్ మీద పడిందో కనపడదు. ఆ క్షణంలో వేలమంది ఒక్కసారిగా అరిస్తే, తగిలిందనే అనిపిస్తుంది. బయటివాడు శుభ్రంగా జాబ్ (ముందు చేత్తో వేసే సూటి దెబ్బ) వేస్తే హాలంతా నిశ్శబ్దం. ఇలా రౌండుకి ఒకటి రెండు పంచ్‌ల తేడా పడితే చాలు, దగ్గరి రౌండ్లన్నీ ఒకే వైపు ఒరుగుతాయి. దానికి తోడు, సాధారణంగా జడ్జి ఫీజు, విమానం, హోటల్ ఖర్చు ఫైట్ ఏర్పాటు చేసే ప్రమోటర్‌దే. ఆ ప్రమోటర్ తరచూ ఇంటి బాక్సర్ ప్రమోటరే. ఎవరూ నోరు తెరిచి ఏమీ అడగరు. మళ్లీ పిలుపు వస్తుందా రాదా అనే టెన్షన్ మాత్రం ఉంటుంది.

గాజుదవడ:
ఇంతకీ మందేంటి? 2024 డిసెంబర్‌లో ఉసిక్, ఫ్యూరీ రెండో ఫైట్‌కి ఏఐ జడ్జిని కూడా పెట్టారుగా. మనుషులు ముగ్గురూ 116-112 రాస్తే అది 118-112 రాసింది. విజేత మాత్రం అదే ఉసిక్.

సౌత్‌పా:
దాని స్కోరు లెక్కలోకి రాలేదు కదా. మరో బాక్సింగ్ సంస్థ డబ్ల్యూబీసీ ఓపెన్ స్కోరింగ్ కొంత నయం. నాలుగో రౌండు, ఎనిమిదో రౌండు తర్వాత కార్డులు చదివి వినిపిస్తారు. వెనకబడ్డానని బయటివాడికి తెలిస్తే చివర్లో తెగించి ఆడొచ్చు.

పదోరౌండు:
ముందున్నవాడు చివరి నాలుగు రౌండ్లూ దొరక్కుండా తప్పించుకు తిరగొచ్చు కూడా. పైగా ఇంటి బాక్సర్ వెనకబడ్డాడని ఎనిమిదో రౌండులో స్టేడియం మొత్తానికి తెలిస్తే, ఆ తర్వాత జడ్జీల మీద పడే అరుపులు ఎలా ఉంటాయో!

తప్పు చేసిన జడ్జికి శిక్ష పడాలి, అదొక్కటే మార్గం.

కార్నర్‌స్టూల్:
శిక్ష పడిన కేసే చూద్దాం. 2022 ఫిబ్రవరి, గ్లాస్గో. స్కాట్లాండ్ వాడు జాష్ టేలర్, ఇంగ్లండ్ వాడు జాక్ కాటరాల్. నాలుగు బెల్టులూ టేలర్ దగ్గరే. ఎనిమిదో రౌండులో టేలర్ కిందపడ్డాడు కూడా. అయినా స్ప్లిట్ డెసిషన్‌తో అతనే గెలిచాడు. బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు విచారణ చేసి, టేలర్‌కి 114-111 ఇచ్చిన జడ్జి గ్రేడ్ తగ్గించింది. ఫలితం మాత్రం మారలేదు. 2024 మేలో లీడ్స్‌లో రీమ్యాచ్ పెడితే కాటరాల్ గెలిచాడు. అప్పటికి టేలర్ చేతిలో ఒక్క బెల్టూ మిగల్లేదు. జడ్జికి గ్రేడ్ తగ్గితే కాటరాల్‌కి ఒరిగిందేంటి?

నన్నడిగితే జడ్జీల ఫీజులో ప్రమోటర్ చేయి ఉండకూడదు. టైటిల్ ఫైట్లకి బెల్టులిచ్చే నాలుగు సంస్థలూ ఎలాగూ ఫీజు వసూలు చేస్తున్నాయి. అందులోంచే జడ్జీలకి ఇచ్చి, పేర్లు లాటరీలో తీయాలి.

సౌత్‌పా:
ఆ నాలుగు సంస్థలకి ఫీజు వచ్చేది కూడా పెద్ద పేరున్న బాక్సర్ పర్సు (ఫైట్‌కి వచ్చే డబ్బు) లోంచే కదండీ. వాడు ఓడిపోతే వాళ్లకీ నష్టమే.

కార్నర్‌స్టూల్:
అందుకే కదా లాటరీ అంటున్నది.