ఐదు నెలలు బండి సెల్లార్‌లోనే: ఏమేం చేసి పెట్టాలి?

మియాపూర్ రైడర్:
అన్నలూ, జూన్ మొదటి వారం నుంచి అక్టోబర్ చివరిదాకా హైదరాబాద్‌లో ఉండను. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2022 మోడల్. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టి వెళ్లాలి. చలి దేశాలవాళ్లు చెప్పేవి చదివాను కానీ, మనకు గడ్డకట్టే చలి లేదు, ఉన్నదల్లా వానాకాలం తేమే. వారానికోసారి మా తమ్ముడితో స్టార్ట్ చేయిస్తే చాలా? ట్యాంక్ ఖాళీ చేయాలా, నింపాలా?

గేర్ ఆయిల్ 90:
వారం వారం స్టార్ట్ చేయించడం మాత్రం వద్దు. మంచిదనుకుని అందరూ చేసే తప్పు అదే. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే ఆ ఆవిరి బయటికి పోయేంతగా ఇంజిన్ వేడెక్కదు. నీరై సైలెన్సర్‌లో నిలుస్తుంది, ఆయిల్‌లో కలుస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీలోంచి పోయిన ఛార్జ్ కూడా ఆ కాసేపట్లో తిరిగి ఎక్కదు.

ట్యాంక్ నింపండి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ బాగా ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంక్ అడుక్కి దిగుతాయి. ఫ్యూయల్ పంప్ లాగేది అక్కడి నుంచే. ట్యాంక్ సగం ఖాళీగా ఉంటే లోపల గాలి ఎక్కువ, తేమ ఎక్కువ, రేకుకు తుప్పు. మూత దగ్గరి గొంతు కిందివరకు నింపితే చాలు, అంచుదాకా వద్దు. ఫ్యూయల్ స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా కలిపే మందు) దొరికితే సీసా మీద రాసిన కొలతలో పోసి, బండిని పది కిలోమీటర్లు తిప్పండి. అప్పుడే అది ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ దాకా చేరుతుంది.

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ ఇప్పుడే మార్చండి, వచ్చాక కాదు. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ ఉంటాయి. ఐదు నెలలు బేరింగులు అందులో నానకూడదు.

పాత సామాన్:
బ్యాటరీ సంగతి నేను చెప్తాను. ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పండి. పాజిటివ్‌తో మొదలుపెడితే, స్పానర్ ఛాసిస్‌కు తగిలినప్పుడు నిప్పురవ్వలు వస్తాయి. వీలైతే బ్యాటరీని పైన ఫ్లాట్‌లో పెట్టండి. మల్టీమీటర్‌తో నెలకోసారి చూడమని మీ తమ్ముడికి చెప్పండి. 12.6 వోల్టులు దాటి ఉంటే బాగున్నట్టు, 12.4కి దిగితే ఛార్జ్ పెట్టాలి. 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కెపాసిటీ) బ్యాటరీకి 0.8 ఆంపియర్ చాలు. కారు బ్యాటరీల పెద్ద ఛార్జర్ తగిలించొద్దు. డిశ్చార్జ్ అయి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పట్టదు.

చైన్‌ను కిరోసిన్, బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, ఈపీ90 గేర్ ఆయిల్ పట్టించండి. టైర్లలో మామూలు కంటే 3–4 పీఎస్‌ఐ ఎక్కువ గాలి, డబుల్ స్టాండ్. నేలకు ఆనే టైరును నెలకోసారి కాస్త తిప్పాలి. ప్లాస్టిక్ కవర్ అసలు కప్పొద్దు, లోపల చెమ్మ పడుతుంది. గుడ్డ కవరే మేలు.

మియాపూర్ రైడర్:
థ్యాంక్స్ అన్నా. సెల్లార్‌లో ఎలుకలున్నాయి. సైలెన్సర్‌కు గుడ్డ కుక్కొచ్చా?

గేర్ ఆయిల్ 90:
కుక్కొచ్చు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక. తీయడం మరిచిపోకుండా ఎర్ర గుడ్డ వాడి, ఒక కొస బయటికి వేలాడనివ్వండి, తాళంచెవికి చీటీ కట్టండి. ఎయిర్ బాక్స్‌కు (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బా) గాలి వెళ్లే దారిలో సన్న కంతల ఇనుప జాలీ పెట్టండి. వైరింగ్ కొరికితే ఖర్చు మిగతా అన్నిటికంటే ఎక్కువ. బియ్యం బస్తాలు, చెత్తడబ్బాలు ఉన్న మూలకు దూరంగా పెట్టండి.

ఎలుకల కంటే నాకు భయం వరదనీళ్లది. 2020 అక్టోబర్ వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో తెలుసు కదా. ర్యాంప్ కింద, సంప్ పక్కన వద్దు. స్టిల్ట్ పార్కింగ్‌లో (నేలమట్టంలో స్తంభాల మధ్య ఉండేది) చోటు దొరికితే అడిగి తీసుకోండి.

పాత సామాన్:
నీళ్లు సైలెన్సర్ ఎత్తు దాటాయని తెలిస్తే ఎవరినీ తాళం తిప్పనివ్వొద్దు. ముందు ఆయిల్ చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. ఆ ఆయిల్ మొత్తం దించి, స్పార్క్ ప్లగ్ విప్పి, సిలిండర్‌లో నీళ్లు లేవని తేలాకే సెల్ఫ్. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.