బ్యాంకాక్ నుంచి ఒక్క రోజులో కాంచనబురి రైలుమార్గం చూడగలమా?

ప్రశ్న (కాజీపేట నుంచి):
మా బాపు కాజీపేట సెక్షన్‌లో ముప్పై ఏళ్లు కీమ్యాన్‌గా (పట్టాల వెంట నడుస్తూ తనిఖీ చేసే ఉద్యోగి) పనిచేసి రిటైరయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం ఖైదీలతో, కూలీలతో వేయించిన థాయ్‌లాండ్–బర్మా రైలుమార్గాన్ని చూడాలన్నది ఆయన చిరకాల కోరిక. జనవరిలో బ్యాంకాక్ వెళ్తున్నాం. దీనికి ఒక్క రోజే వీలుంది. క్వాయ్ వంతెన, సైనికుల శ్మశానవాటిక, రైలు కోసం కొండను చీల్చిన హెల్‌ఫైర్ పాస్ మూడూ కుదురుతాయా? ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయి.

జవాబు (హనుమకొండ నుంచి):
కుదురుతాయి, కానీ వరుస మార్చుకోవాలి. బ్యాంకాక్‌లోని థోన్‌బురి స్టేషన్‌లో పొద్దున రైలెక్కితే చివరి స్టేషనైన నామ్ టోక్ చేరేసరికే మధ్యాహ్నమవుతుంది, ఆపైన హెల్‌ఫైర్ పాస్‌కు వెళ్లివస్తే బ్యాంకాక్ రైలు అందదు. మేము తెల్లవారుజామునే కారు మాట్లాడుకొని ముందుగా పాస్ చూసి, నామ్ టోక్‌లో ఒంటి గంట ప్రాంతపు రైలెక్కి, కారును వంతెన, శ్మశానవాటిక ఉన్న కాంచనబురికి పంపించాం. థామ్ క్రసే దగ్గర కొండను ఒరుసుకుంటూ చెక్క దూలాల వంతెన మీద రైలు నెమ్మదిగా సాగుతుంది కనుక నది వైపు కూర్చోండి. అది మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం ఒక మీటరు. మన నిజామాబాద్ లైను ఒకప్పుడు అదే గేజ్‌లో ఉండేది కాబట్టి మీ బాపుకు కొత్త కాదు. క్వాయ్ వంతెనలో వంపు తిరిగిన గర్డర్లు జావా నుంచి తెచ్చిన పాతవి, మధ్యలో కోణాకారంగా ఉన్న రెండూ బాంబుదాడుల తర్వాత పెట్టినవి. ఫొటోల గుంపు మధ్య అక్కడ అరగంట చాలు.

పాస్‌లో మెట్లు చాలా ఉన్నాయి. అయినా ఆ గోడ దగ్గరికి వెళ్లాలి: సుమారు 25 మీటర్ల ఎత్తున చీల్చిన బండలో, ఒకరు ఉలి పట్టుకుంటే మరొకరు సమ్మెటతో కొట్టి దింపిన తూట్లు ఇప్పటికీ వేలు పెట్టి తడమవచ్చు. రాత్రుళ్లు మంటల వెలుగులో కూడా ఆ పని సాగినందుకే దానికి హెల్‌ఫైర్ (నరకాగ్ని) అన్న పేరు వచ్చింది.

జవాబు (కరీంనగర్ నుంచి):
శ్మశానవాటికకు ఎక్కువ సమయం పెట్టుకోండి. 415 కిలోమీటర్ల ఈ మార్గం 1943 అక్టోబరులో పూర్తయ్యేనాటికి 60,000కు పైబడిన యుద్ధఖైదీల్లో 12,000 మందికి పైగా, ఆసియా కూలీల్లో సుమారు 90,000 మంది చనిపోయారని అంచనా. ఆ కూలీల్లో మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులతో పాటు మన తెలుగువారూ ఉన్నారు. పచ్చిక మధ్య దాదాపు 7,000 సమాధులున్న ఆ వాటికలో మాత్రం కూలీల పేరు ఒక్కటీ కనిపించదు. వారిలో చాలామందిని పూడ్చిన చోట ఏ గుర్తూ లేదు. అయితే ద్వారమంటపంలో, థాయ్‌లాండ్‌లోని ముస్లిం శ్మశానాల్లో ఖననమైన 11 మంది భారత సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. చాలామంది తల ఎత్తకుండా దాటిపోతారు, మీరు ఆగి చదవండి.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బాపుకు చదివి వినిపించాను. వంతెన లేకపోయినా ఫరవాలేదట, ఆ తూట్లు ఏ కోణంలో దించారో చూడాలట. మెట్ల సంగతి చెబితే మోకాళ్లకు పట్టీలు కొనమన్నారు. కారు మాట్లాడుతున్నాను.