సమస్య: కేంద్రకంబు విడిచి కీర్తి గనెను

సంచాలకుడు: ఇది ఆటవెలది నాలుగవ పాదము. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ కణాలలో గమనించి పేరు పెట్టిన కేంద్రకమే కణానికి ఏలిక అని బడిలో చదివినవారిని కొంత కలవరపెట్టాలనే ఈ సమస్య ఇచ్చాను. పరమాణువు జోలికి పోక, జీవకణంలోనే పూరించండి.

మొదటి పూరణ (రక్తపరీక్షల ఉద్యోగి):

ఎముక మజ్జలోన నెదిగి యెఱ్ఱకణము
ప్రాణవాయువునకుఁ బాత్రమగుచుఁ
జోటు మిగులునట్లు సొంతపు రాజగు
కేంద్రకంబు విడిచి కీర్తి గనెను.

సంచాలకుడు: యతులు చక్కగా కుదిరాయి, ‘చో–సొ’ మైత్రితో సహా. ఒక్కో ఎర్రకణంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ అణువులు సుమారు 27 కోట్లు ఇముడుతాయి గనుక ‘చోటు’ అన్న మాట పద్యానికి ప్రాణం. అయితే కప్పలకూ పక్షులకూ ఎర్రకణాలలో కేంద్రకం ఉంటుంది కాబట్టి ‘మనుజు’ అనో మరొకటో సూచన ఉండవలసింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలను కూడా వదులుకొని, తాను మోసే ప్రాణవాయువును తాను వాడుకోకుండానే ఆ కణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. ఆ త్యాగాన్ని కవి ఎందుకు వదిలేశారో తెలియదు.

రెండవ పూరణ (వృక్షశాస్త్ర అధ్యాపకురాలు):

ఆకు వండినట్టి యన్నంబు వేరుకుఁ
జేరఁ దారి యొసఁగు జీవనాళి
తోడునున్న కణమె తోఁబుట్టువై యేల
కేంద్రకంబు విడిచి కీర్తి గనెను.

సంచాలకుడు: అమ్మా, భావం అపూర్వం. పూలమొక్కలలో ఆహారాన్ని మోసే, కేంద్రకం విడిచిన చాలనీనాళపు కణమూ, పక్కనుండి దానిని నడిపే సహకణమూ ఒకే తల్లికణం విభజన వల్ల పుడతాయి. కనుక ‘తోఁబుట్టువు’ అలంకారం కాదు, అక్షరసత్యం. కానీ ‘ఏలన్’ ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) కావడంతో తరువాతి కకారం గకారమై, ఆ పాదం ‘గేంద్రకంబు’ కావాలి, సమస్య మారిపోతుంది.

అధ్యాపకురాలు: నిజమేనండి. ‘తోడికణమె యేలు తోఁబుట్టువై నిల్చి’ అని సవరించాను.

సంచాలకుడు: ఇప్పుడు దోషం లేదు, ‘నిల్చి’ కళ (చివర ద్రుతం లేని మాట) గనుక. మూడవ పూరణ బాక్టీరియా మీద వచ్చింది. నడక బాగున్నా, దానిని స్వీకరించలేకపోతున్నాను: బాక్టీరియాలో డీఎన్‌ఏ పొర లేకుండా కణద్రవ్యంలోనే ఉంటుంది, కేంద్రకం మొదటినుంచీ లేదు. లేనిదానిని ‘విడిచి’ అనడం పొసగదు గనుక, ఆ పద్యాన్ని మరో సమస్యకు దాచుకొమ్మని కవిగారికి మనవి.