ఎండలో మెరిసేవాణ్ణి రక్తపిశాచి అనవచ్చా?

ప్రశ్న:

ట్వైలైట్ (2008) సినిమాకు సరదాగా తెలుగు ఉపశీర్షికలు రాస్తున్నాను. ‘వాంపైర్’ వచ్చిన ప్రతిచోటా ‘రక్తపిశాచి’ అని పెట్టుకుంటూ వచ్చాను. అడవి ఘట్టం దగ్గర బండి ఆగిపోయింది. నాయిక బెల్లా వెనక, ఆమె ప్రేమించిన ఎడ్వర్డ్ నిలబడి ఉంటాడు. అతనెవరో తనకు తెలిసిపోయిందని బెల్లా అంటుంది. అయితే పైకి చెప్పమంటాడు. ఆమె ఒక్క మాట పలుకుతుంది: వాంపైర్. ఘట్టమంతా ఆ మాట మీదే నిలబడింది. అక్కడ ‘రక్తపిశాచి’ అని వేసి చూస్తే ప్రేమఘట్టం కాస్తా అత్తాకోడళ్ళ తగాదా అయింది. బేతాళుడు అనవచ్చా? లేక వాంపైర్ అనే ఉంచేయాలా? పెద్దలు చెప్పండి.

స్పందన:

బేతాళుడు మాత్రం వద్దండీ. ఆ ముడి పెట్టింది రిచర్డ్ బర్టన్. మన విక్రమార్కుడి కథలను 1870లో ఇంగ్లీషులో చెబుతూ బేతాళుణ్ణి వాంపైర్ చేశాడు. శవంలో ఉంటాడు, శ్మశానం దగ్గర చెట్టుకు వేలాడతాడు కాబట్టి ఇంగ్లీషు పాఠకులకు దగ్గరి చుట్టంలా తోచి ఉంటుంది. కానీ ఆ కథల్లో బేతాళుడు ఎవరి మెడా కొరకడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరిస్తాడు, జవాబు రాగానే చెట్టెక్కుతాడు. ఆయనకు కావలసింది తర్కం.

స్పందన:

జలగ అనండి, గొడవ వదిలిపోతుంది. వేళాకోళం కాదు, అమరకోశంలో ‘రక్తప’ అంటే జలగే.

స్పందన:

‘రక్తపిశాచి’ తప్పు మాటేమీ కాదు. పాత వాంపైర్‌కు అతికినట్టు సరిపోతుంది. చిక్కంతా ఈ కొత్త కుర్రవాడితోనే.

ఆ పాతవాడు ఎలా ఉండేవాడో చూడండి. సెర్బియాలో కిసిల్యెవో అనే పల్లె ఉంది. 1725లో అది ఆస్ట్రియా ఏలుబడి కింద ఉండేది. పేతర్ బ్లాగోయెవిచ్ అనే రైతు చనిపోయాక, ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది పోయారు. అతడు రాత్రి వచ్చి గొంతు పిసికాడని వాళ్ళు పోయేముందు చెప్పారట. ఊరివాళ్ళు పట్టుబట్టి అధికారి ఎదుట గొయ్యి తవ్వించారు. శవం కుళ్ళలేదు, నోటి దగ్గర తాజా నెత్తురు ఉంది. గుండెలో కొయ్యమేకు దింపి తగలబెట్టారు. ఆ అధికారి రాసిన నివేదిక వియన్నా పత్రికలో అచ్చయింది. ఇలాంటి ఉదంతాలు మరికొన్ని బయటపడ్డాక, 1732 ప్రాంతంలో ఈ మాట ఇంగ్లీషుకు చేరింది.

ఈ పల్లెటూరి వాంపైర్ పాలిపోయిన అందగాడు కాడు. ఉబ్బి, ఎర్రబారి, బతికినప్పటికంటే బలిసినట్టు కనిపించే శవం. దొరబిడ్డ పోలికలు తరువాత వచ్చి చేరాయి. 1819లో పోలిడోరి రాసిన కథలో ప్రభువయ్యాడు, 1897లో బ్రామ్ స్టోకర్ చేతిలో కోటలో ఉండే కౌంట్ డ్రాకులా అయ్యాడు. అప్పటికీ శవం వాసన పోలేదు. పిశితం అంటే మాంసం, దాన్ని తినేది పిశాచం అని మనవాళ్ళ వ్యుత్పత్తి. శవం, మాంసం, నెత్తురు, ఊరంతటి భయం, అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయి.

ఇప్పుడు ఎడ్వర్డ్ ఇంటికి వెళదాం. బెల్లా మొదటిసారి వచ్చినప్పుడు అతని వాళ్ళు ఆమె కోసం ఇటాలియన్ వంట వండుతుంటారు (వాంపైర్‌కు వెల్లుల్లి పడదంటారు, అది లేని ఇటాలియన్ వంటను నేనైతే ఊహించలేను). అతని గదిలో మంచం ఉండదు. లేదేమని ఆమె అడిగితే, తాను నిద్రే పోనంటాడు. డ్రాకులా సొంత ఊరి మట్టి నింపిన పెట్టెల్లో పడుకునేవాడు. ఆ పెట్టెలు లేకుండా సీమ దాటలేడు కాబట్టే శత్రువులకు దొరికిపోయాడు. ఇక్కడ ఆ బలహీనతే లేదు. డ్రాకులా అద్దంలో కనబడడు. ఈ సినిమాలో చివరి పోరాటం జరిగేదే నిలువుటద్దాలున్న నాట్యశాలలో, వాంపైర్లు వాటిలో చక్కగా కనబడతారు. కోరలు కూడా కనిపించవు. కోరలు పీకిన పాము అంటామే, ఇక్కడ కోరలు లేకపోయినా విషం మాత్రం దండిగా ఉంది.

ఇక ఎండ సంగతి. ఎండ తగిలితే వాంపైర్ భస్మమవుతాడన్నది తరతరాల నమ్మకమని చాలామంది అనుకుంటారు. నిజానికి స్టోకర్ నవలలో డ్రాకులా పట్టపగలే లండన్ వీధుల్లో తిరుగుతాడు. పగలు శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండకు మాయమై చచ్చిపోవడం 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం నోస్ఫెరాటుతో వచ్చింది. కాబట్టి ‘సంప్రదాయాన్ని మంటగలిపారు’ అని ట్వైలైట్‌ను తిట్టేవాళ్ళు కాపాడుతున్నది, కనీసం ఈ ఒక్క విషయంలో, మరో సినిమా పెట్టిన నియమాన్నే. ట్వైలైట్‌లో ఎండ అతన్ని చంపదు, బయటపెడుతుంది. ఒళ్ళంతా వజ్రాల పొడి అద్దినట్టు మెరుస్తుంది. అందుకే మబ్బు వీడని ఫోర్క్స్ ఊళ్ళో కాపురం పెట్టారు.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. అమరకోశం స్వర్గవర్గం తెరవండి. దేవతల పేర్లు వరసగా ఉంటాయి. చావు లేనివారు అమరులు. ముసలితనం లేనివారు నిర్జరులు. నిద్ర లేనివారు అస్వప్నులు. దేవ శబ్దానికి మూలమైన ధాతువుకున్న అర్థాల్లో ప్రకాశించడం ఒకటి. ఎడ్వర్డ్‌కు ఇవన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, ‘అమృతాంధసులు’, అంటే అమృతం ఆహారమైనవారు. ఇతగాడి ఆహారం వేరు. రాక్షస పర్యాయపదాల్లో ‘అస్రపుడు’ అని ఉంది, నెత్తురు తాగేవాడని అర్థం. అంటే పాత వాంపైర్‌లో భోజనం ఒక్కటి మిగిల్చి, తక్కినదంతా తీసి దేవలక్షణాలు పెట్టారు. రచయిత్రి స్టెఫనీ మేయర్ అమరకోశం చదివి ఉంటారని నేను అనను గాని, లెక్క మాత్రం సరిపోయింది.

తమాషా ఏమిటంటే, నీడ పడకపోవడం స్టోకర్ దగ్గర పిశాచ లక్షణం, మన దగ్గర దేవలక్షణం. దమయంతీ స్వయంవరంలో నలుడి రూపంలో ఉన్న దేవతలను ఆమె ఎలా గుర్తుపట్టింది? రెప్పవేయరు, చెమట పట్టరు, నీడ పడదు, కాళ్ళు నేలకు ఆనవు.

అందుకని మీ ఉపశీర్షికల్లో రెండు మాటలు వాడండి. ఊరివాళ్ళూ కథల పుస్తకాలూ చెప్పేటప్పుడు ‘రక్తపిశాచి’. అడవిలో బెల్లా నోట ‘వాంపైర్’. ఆమె భయపడాల్సిన మాట పలుకుతూ భయపడటం లేదు. ‘పిశాచి’ అనే మాటకు మన చెవుల్లో ఆ వెసులుబాటు లేదు.

స్పందన:

దేవతను చేసేశారు, బాగానే ఉంది. అదే అమరకోశం పిశాచాన్ని కూడా యక్షగంధర్వులతో పాటు దేవయోనుల్లోనే కలిపింది, ‘పిశాచో గుహ్యకః సిద్ధో’ అని. అది మీ వాదనకు బలమే, కాదనను. కానీ ఒక మాట. పాత వాంపైర్ ఇంట్లోవాళ్ళు పిలవనిదే గడప దాటలేడు. సరిగ్గా అదే 2008లో వచ్చిన స్వీడిష్ సినిమా లెట్ ద రైట్ వన్ ఇన్ పేరే ఆ నియమం మీద నిలిచింది. అందులో పిలవకుండా లోపలికి అడుగుపెట్టిన వాంపైర్ పిల్లకు ఒళ్ళంతా నెత్తురు కారుతుంది. ఎడ్వర్డ్ మాత్రం రాత్రిళ్ళు పిలవకుండా బెల్లా గదిలో దూరి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. దాన్ని ప్రేమగా చూపించారు. మనుస్మృతి ఎనిమిది వివాహాలు చెబుతూ చివరిదైన పైశాచాన్ని ‘సుప్తాం’ అన్న మాటతోనే మొదలుపెడుతుంది, నిద్రపోతున్న ఆడపిల్ల అని, ఆమెను చెరచడమే పైశాచం. ఇతను చూసి ఊరుకున్నాడు కాబట్టి ఆ నేరం అంటగట్టను. కానీ తీసేసిన నియమాలన్నిటిలోకి నాకు నచ్చనిది ఇదే. వెల్లుల్లి పోతే పోయింది. గడప నియమం ఇంట్లోవాళ్ళకు ఉన్న ఒకే ఒక్క రక్ష.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ. గడప సంగతి నాకు తట్టనే లేదు. ఇంకో రెండు చిక్కులున్నాయి. మనుషుల జోలికి పోకుండా జంతువుల నెత్తురే తాగుతాం కాబట్టి తాము శాకాహారుల లెక్క అని ఎడ్వర్డ్ నవ్వుతూ అంటాడు. జింక నెత్తురు తాగేవాణ్ణి తెలుగులో శాకాహారి అంటే జోకు పండుతుందా? రెండోది, కరిచి తమలాంటివాళ్ళుగా మార్చడానికి ఏ క్రియ?

స్పందన:

మొదటిది అలాగే ఉంచండి. మన దగ్గర ఇంకా బాగా పండుతుంది. చేపను జలపుష్పం అనుకుని తినేసేవాళ్ళ మీద జోకులు విని పెరిగాం కదా.

రెండోదానికి ‘పూనడం’, ‘ఆవహించడం’ వద్దు. అక్కడ లోపలికి వచ్చేది మరొకరి ఆత్మ కాదు, విషం. ‘కాటు’, ‘విషం ఎక్కడం’ తెలుగులో సిద్ధంగా ఉన్న మాటలే. బెల్లా మణికట్టు మీద శత్రు వాంపైర్ జేమ్స్ కాటు వేశాక ఎడ్వర్డ్ నోరుపెట్టి విషం పీల్చేస్తాడు. పాముకాటుకు పల్లెల్లో వెనకటికి చేసిన మోటు వైద్యం లాంటిదే కాబట్టి మనవాళ్ళకు విడమరచి చెప్పక్కరలేదు. చివర్లో నృత్యానికి వెళ్ళినప్పుడు ఆమె మారిపోవడానికి సిద్ధపడితే, అతను మెడ మీద ముద్దు పెట్టి వదిలేస్తాడు. అక్కడ ‘నన్ను మార్చేయి’ అని రాస్తే చప్పగా ఉంటుంది. ‘నాకూ ఎక్కించు’ అనండి.