అప్‌డేట్: నాన్నగారి బైపాస్ గ్రాఫ్టు మూసుకుపోవడం గురించి

గుండెకు బైపాస్ (మూసుకుపోయిన రక్తనాళాన్ని దాటి రక్తం పారేలా వేరే నాళం ముక్కను, అంటే గ్రాఫ్టును, కలిపే ఆపరేషన్) జరిగిన మా నాన్నగారికి ఛాతీ ధమనితో వేసిన గ్రాఫ్టు బాగానే ఉండగా, కాలి సిరతో వేసినది ఎందుకు మూసుకుపోయిందని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీరు సూచించినట్టే యాంజియోగ్రామ్ సీడీని, ఆపరేషన్ నోట్సును మరొక సర్జన్‌గారికి చూపించాము.

ఎడమ ఛాతీ ధమని గ్రాఫ్టుల్లో 90 శాతానికి పైగా పదేళ్ల తర్వాత కూడా తెరిచే ఉంటాయనీ, కాలి సిరలతో వేసినవి అప్పటికి దాదాపు సగం మూసుకుపోతాయనీ ఆయన చెప్పారు. తక్కువ పీడనానికి అలవాటుపడిన సిర ధమనిలోని ఒత్తిడికి గురైనప్పుడు దాని లోపలి పొర మందమెక్కి, క్రమంగా అక్కడ కొవ్వు పేరుకుంటుందట. అయితే నాన్నగారి విషయంలో ముఖ్య కారణం వేరని ఆయన అభిప్రాయం. గ్రాఫ్టును కలిపిన కుడివైపు రక్తనాళం ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదని నోట్సు అంచున చేత్తో రాసి ఉంది. ముందుకు సాగే దారి అంత ఇరుకైతే గ్రాఫ్టులో ప్రవాహం మందగించి, రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. (నాన్నగారు మాత్రం నేరమంతా తన చుట్టలదేనని తేల్చేశారు. అందులోనూ నిజం లేకపోలేదు.)

గుండె ముందరి ప్రధాన ధమనికి రక్తం సక్రమంగా అందుతున్నందున మళ్లీ ఆపరేషన్ అవసరం లేదన్నారు. రక్తం గడ్డకట్టకుండా వాడుతూ, కడుపులో మంట అని నాన్నగారు మానేసిన ఆస్పిరిన్‌ను గ్యాస్ మాత్రతో కలిపి తిరిగి మొదలుపెట్టించి, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మోతాదు పెంచారు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 లోపు ఉండాలన్నది ప్రస్తుత లక్ష్యం.